స్టీరింగ్ బటన్లను కొత్త ఆండ్రాయిడ్ స్టీరియోకి ఎలా కలపాలి? మల్టీమీటర్‌తో స్టెప్ బై స్టెప్ గైడ్

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాక చాలామంది చేసే మొదటి అప్‌గ్రేడ్ ఆండ్రాయిడ్ స్టీరియో. 9 అంగుళాల స్క్రీన్, వైర్‌లెస్ కార్‌ప్లే, రివర్స్ కెమెరా... అన్నీ బాగానే ఉంటాయి. కానీ స్టీరింగ్ మీదున్న వాల్యూమ్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. అడిగితే "ఈ కారుకి సపోర్ట్ లేదండీ" అనే సమాధానం వస్తుంది. నిజానికి చాలా కార్లలో సపోర్ట్ ఉంటుంది. కలపాల్సిన రెండు మూడు వైర్లు కలపకపోవడమే అసలు సమస్య.

ఈ ఆర్టికల్‌లో ఆ వైర్లను ఎలా కనిపెట్టాలి, ఎలా కలపాలి, కలిపాక ఒక బటన్ నొక్కితే ఇంకొకటి పనిచేస్తుంటే ఏం చేయాలి అనేవి చూద్దాం. వీటితో పాటు ఇంకో విషయం కూడా ఉంది. పనిచేయని స్టీరింగ్ బటన్ కొన్నిసార్లు ఎయిర్‌బ్యాగ్ లైన్‌లో ఉన్న లోపానికి గుర్తు. కాబట్టి వైరు కట్ చేసే ముందు ఆ సెక్షన్ మాత్రం స్కిప్ చేయకుండా చదవండి.

ఉదాహరణకి మైలవరంలో మా బాబాయి హ్యాచ్‌బ్యాక్ కారు తీసుకుందాం. ఆయన మామిడికాయల వ్యాపారి. ఏప్రిల్, మే నెలల్లో ఫోన్ మోగని పది నిమిషాలు ఉండవు. ఒక తోట రైతు, నున్న మార్కెట్ నుంచి ఒకరు, లారీ డ్రైవర్ ఒకరు. "పాటలు లేకపోయినా పర్లేదురా, ఫోన్ ఎత్తే బటన్ ఒక్కటి పనిచేయించు" అన్నారు. ఆయన అడిగిన దాంట్లో చాలా అర్థం ఉంది.

ఒక్క బటన్‌కి ఇంత సీన్ ఎందుకు?

లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు 16.7 మీటర్లు. స్క్రీన్ మీద కాల్ ఐకాన్ వెతికి నొక్కడానికి 2 సెకన్లు చూపు తిప్పితే, కారు 33 మీటర్లు చూడకుండా వెళ్లిపోయినట్టే. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం మీదుగా తిరువూరు వైపు వెళ్లే 30వ నంబర్ నేషనల్ హైవే మీదైనా, నూజివీడు రోడ్డు మీదైనా మామిడి సీజన్‌లో కాయల ట్రాక్టర్ ఎప్పుడు తోటలోంచి రోడ్డెక్కుతుందో తెలీదు. చాలా ట్రాలీలకు వెనక లైట్లు కూడా ఉండవు. అలాంటి చోట 33 మీటర్లు చాలా ఎక్కువ.

బొటనవేలి కింద ఉన్న బటన్‌కి చూపుతో పని లేదు. టచ్ స్క్రీన్ ఎంత పెద్దదైనా ఆ సౌకర్యం ఇవ్వలేదు.

ముందు కాన్సెప్ట్: ఒక్క వైరులో అన్ని బటన్లు ఎలా?

స్టీరింగ్ మీద ఆరు బటన్లు ఉంటే స్టీరియో దగ్గరికి ఆరు వైర్లు రావాలి అనుకుంటాం. రావు. ఎక్కువ కార్లలో ఒకటో రెండో సిగ్నల్ వైర్లు, ఒక ఎర్త్ వైరు వస్తాయి. ప్రతి బటన్ వెనక వేరు వేరు విలువ గల రెసిస్టర్లు ఉంటాయి. మీరు ఏ బటన్ నొక్కితే దానికి తగ్గ రెసిస్టెన్స్ ఆ వైరుకీ ఎర్త్‌కీ మధ్య వస్తుంది. దీన్నే రెసిస్టర్ ల్యాడర్ అంటారు.

స్టీరియో లోపల ఒక పుల్-అప్ రెసిస్టర్ ద్వారా ఈ వైరుకి చిన్న వోల్టేజ్ అందుతుంది. బటన్ నొక్కగానే ఆ వోల్టేజ్ ఒక లెవెల్‌కి పడిపోతుంది. లోపలున్న ఏడీసీ ఆ లెవెల్ చదివి "ఓహో, ఇది వాల్యూమ్ ప్లస్" అని గుర్తిస్తుంది. బీటెక్ ఫస్టియర్‌లో చదివిన వోల్టేజ్ డివైడర్ ఇదే. కోడ్ భాషలో చెప్పాలంటే ఒకే ఇన్‌పుట్, దాని విలువ ఏ రేంజ్‌లో ఉందో చూసే ఇఫ్-ఎల్స్ చైన్.

ఒక నమూనా సర్క్యూట్ తీసుకుందాం. స్టీరియో ఇచ్చే వోల్టేజ్ 3.3, పుల్-అప్ 1 కిలో ఓమ్. ఈ అంకెలు అర్థం కావడానికి తీసుకున్నవి మాత్రమే. మీ కారు విలువలు మీరే కొలవాలి.

మోడ్ బటన్: 100 ఓమ్స్, వచ్చే వోల్టేజ్ 0.30
వాల్యూమ్ ప్లస్: 330 ఓమ్స్, 0.82 వోల్ట్లు
వాల్యూమ్ మైనస్: 680 ఓమ్స్, 1.34 వోల్ట్లు
నెక్స్ట్: 1500 ఓమ్స్, 1.98 వోల్ట్లు
ప్రీవియస్: 3300 ఓమ్స్, 2.53 వోల్ట్లు
ఏదీ నొక్కకపోతే: 3.3 వోల్ట్లు

ప్రతి బటన్‌కీ పక్క బటన్‌కీ మధ్య అర వోల్ట్ గ్యాప్ ఉంది. హాయిగా గుర్తించొచ్చు.

ఇప్పుడు అదే స్టీరింగ్‌ని, 10 కిలో ఓమ్స్ పుల్-అప్ ఉన్న ఇంకో స్టీరియోకి కలిపామనుకోండి. అదే వరుసలో వోల్టేజ్‌లు 0.03, 0.11, 0.21, 0.43, 0.82 అవుతాయి. మోడ్‌కీ వాల్యూమ్ ప్లస్‌కీ మధ్య గ్యాప్ 0.07 వోల్ట్లే. కొంచెం ఎర్త్ లూజ్ అయినా ఒక బటన్ ఇంకో బటన్‌లా కనిపిస్తుంది. రివర్స్‌లో కూడా ఇదే సమస్య. స్టీరింగ్‌లో రెసిస్టర్లు 10 నుంచి 50 కిలో ఓమ్స్ ఉండి, పుల్-అప్ 1 కిలో ఓమ్ అయితే అన్ని బటన్లూ 3.0 నుంచి 3.24 వోల్ట్ల మధ్య ఇరుక్కుంటాయి.

"మా ఫ్రెండ్ కారులో ఇదే స్టీరియో బాగా పనిచేస్తోంది, నా కారులో ఎందుకు చేయట్లేదు?" అనే ప్రశ్నకు చాలాసార్లు సమాధానం ఇదే. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, ట్రబుల్ షూటింగ్‌లో మళ్లీ పనికొస్తుంది.

మీ కారు ఏ టైపు?

మొదటి టైపు పైన చెప్పిన రెసిస్టర్ టైపు. మారుతి, హ్యుందాయ్, హోండా, టయోటా కార్లలో చాలా మోడళ్లు ఇలాగే ఉంటాయి. ఈ గైడ్ వీటి కోసమే.

రెండో టైపు డేటా బస్. ఇందులో బటన్ నొక్కితే రెసిస్టెన్స్ మారదు, డిజిటల్ మెసేజ్ వెళ్తుంది. బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన క్యాన్ బస్, దానికంటే సింపుల్‌గా ఒకే వైరు మీద నడిచే లిన్ బస్ ఈ కోవలోవి. వోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో సాధారణంగా ఇదే పద్ధతి. వీటికి వైర్లు కలిపితే సరిపోదు. మీ కారు మోడల్‌కి సరిపోయే క్యాన్ బస్ డీకోడర్ బాక్స్ కొనాలి. అది మెసేజ్ చదివి స్టీరియోకి అర్థమయ్యేలా చెబుతుంది.

వేరియంట్ మారితే ఒకే మోడల్‌లో కూడా వైరింగ్ మారొచ్చు. అందుకే పేరు చూసి కాకుండా మీటర్ చూసి నిర్ణయించుకోవాలి.

ఎయిర్‌బ్యాగ్ సంగతి: ఇది చదివాకే టూల్స్ పట్టుకోండి

స్టీరింగ్ తిరుగుతూ ఉంటుంది, దాని కింద ఉన్న కాలమ్ తిరగదు. మరి వైర్లు తెగిపోకుండా ఎలా? మధ్యలో క్లాక్ స్ప్రింగ్ అనే పార్ట్ ఉంటుంది. చుట్టలా చుట్టిన పలుచని రిబ్బన్ కేబుల్ అది. స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ చుట్ట బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. మ్యూజిక్ బటన్ల వైర్లు, హారన్ వైరు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ వైర్లు సాధారణంగా ఈ ఒక్క పార్ట్ గుండానే వెళ్తాయి.

దీని అర్థం ఏంటంటే, బటన్లు పనిచేయకపోవడంతో పాటు హారన్ కూడా అప్పుడప్పుడూ మోగకపోయినా, మీటర్ బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలుగుతూ ఉన్నా, సమస్య మ్యూజిక్‌ది కాకపోవచ్చు. క్లాక్ స్ప్రింగ్ తెగుతూ ఉండొచ్చు. అలాంటప్పుడు యాక్సిడెంట్ అయితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. స్టీరియో పని పక్కన పెట్టి నేరుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకి ఒక చిన్న టెస్ట్. కీ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైట్ కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. లోపం కనపడకుండా ఎవరైనా ఆ లైట్‌నే పీకేసి ఉండొచ్చు.

2019 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంతకుముందు వచ్చిన కార్లలో కూడా స్టీరింగ్ బటన్లు ఉన్న పై వేరియంట్లలో చాలావాటికి ఉంటుంది. కాబట్టి ఈ నాలుగు రూల్స్ పాటించండి.

1. ఈ పనికి స్టీరింగ్ విప్పాల్సిన అవసరం లేదు. మొత్తం పని స్టీరియో వెనక కప్లర్ దగ్గరే జరుగుతుంది.
2. పసుపు రంగు కప్లర్, పసుపు స్లీవ్ ఉన్న వైర్లు కనిపిస్తే ముట్టుకోకండి. అవి ఎయిర్‌బ్యాగ్‌వి.
3. ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద మల్టీమీటర్ ఓమ్స్ మోడ్ ఎప్పుడూ పెట్టకండి. రెసిస్టెన్స్ కొలవడానికి మీటర్ తనే చిన్న కరెంట్ పంపుతుంది. దాంతో బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది.
4. బ్యాటరీ మైనస్ తీశాక ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లో కొంతసేపు చార్జ్ నిలిచి ఉంటుంది. చాలా సర్వీస్ మాన్యువల్స్ కనీసం 90 సెకన్లు ఆగమంటాయి. ఐదు పది నిమిషాలు ఆగితే పోయేదేం లేదు.

బేస్ వేరియంట్ కారుకి బయట నుంచి బటన్లున్న స్టీరింగ్ తెచ్చి వేయించుకోవడం ఇంకో రకం పని. దానికి ఎయిర్‌బ్యాగ్ తీయాలి, చాలాసార్లు క్లాక్ స్ప్రింగ్ కూడా మార్చాలి. అది ఇంట్లో చేసుకునే పని కాదు.

కావాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్. డీటీ-830 లాంటి బేసిక్ మీటర్ చాలు. మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ ఉంది కాబట్టి మాకు మీటర్ ఉన్న స్టూడెంట్ దొరకడం కష్టం కాలేదు. మీ ఊళ్లో కూడా ఈసీఈ, ట్రిపుల్ ఈ చదివేవాళ్లని అడగండి.

ప్లాస్టిక్ ట్రిమ్ టూల్, స్క్రూ డ్రైవర్లు, 10 నంబర్ స్పానర్, సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ ట్యూబ్, మాస్కింగ్ టేప్, పెన్ను. మాస్కింగ్ టేప్ ఎందుకంటే, కనిపెట్టిన ప్రతి వైరుకి లేబుల్ అంటించడానికి. ఇంకో మనిషి సాయం కూడా కావాలి. ఒకరు బటన్ నొక్కుతుంటే ఇంకొకరు మీటర్ చూడాలి.

స్టెప్ 1: ముందు రెడీమేడ్ కప్లర్ చూడండి

బ్యాటరీ మైనస్ తీసి, డాష్‌బోర్డ్ ఫ్రేమ్ ఊడదీసి స్టీరియో బయటకి లాగండి. షాపులో మీ కారు మోడల్ కప్లర్ వాడి ఉంటే, కారు నుంచి వచ్చిన స్టీరింగ్ వైర్లు అందులో ఇప్పటికే ఉండొచ్చు. స్టీరియో వైపు కీ 1, కీ 2 అని రాసిన వైర్లు వెతకండి. ఈ రెండూ దేనికీ కలవకుండా వేలాడుతుంటే దొంగ దొరికినట్టే.

బాబాయి కారులో జరిగింది ఇదే. కీ 1, కీ 2 వైర్లకు టేపు చుట్టి వెనక్కి తోసేశారు. కారు వైపు నుంచి వచ్చే స్టీరింగ్ వైర్లు కూడా కప్లర్‌లో పక్కనే ఉన్నాయి. కానీ ఏది ఏ వైరో తెలియాలిగా? అందుకే రెండో స్టెప్.

స్టెప్ 2: వోల్టేజ్ చూసి అవసరం లేని వైర్లను తీసేయండి

రంగులను నమ్మకండి. కొత్త స్టీరియోకి వచ్చే వైర్లలో పసుపు బ్యాటరీ, ఎరుపు ఏసీసీ, నలుపు ఎర్త్ అనే పద్ధతి ఉంది. కానీ కారు కంపెనీ వైరింగ్‌కి ఈ రంగులు వర్తించవు. ముఖ్యంగా స్టీరియో వెనక పసుపు వేరు, పైన చెప్పిన ఎయిర్‌బ్యాగ్ పసుపు వేరు.

కారు వైపు కప్లర్‌ని స్టీరియో నుంచి విడిగా ఉంచి, బ్యాటరీ తిరిగి కలపండి. ప్రోబ్ కొసలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త, తగిలితే ఫ్యూజ్ పోతుంది. మీటర్‌ని 20 వోల్ట్ల డీసీలో పెట్టి, నలుపు ప్రోబ్‌ని బాడీ ఎర్త్‌కి తగిలించి, ఒక్కో పిన్ చూడండి.

కీ తీసేసినా 12 వోల్ట్లు చూపిస్తే అది బ్యాటరీ వైరు. కీ తిప్పినప్పుడే 12 వస్తే ఏసీసీ. హెడ్‌లైట్ వేసినప్పుడే వస్తే ఇల్యూమినేషన్. వీటన్నిటికీ లేబుల్ వేయండి.

కీ ఆన్‌లో ఉండగా ఏదైనా రెండు వైర్ల మీద సుమారు 2.5 వోల్ట్లు కనిపిస్తే అది క్యాన్ బస్ కావొచ్చు. మిగిలిన ఒక వైరు 12 వోల్ట్ల దగ్గర ఊగిసలాడుతుంటే లిన్ కావొచ్చు. ఇక్కడితో ఆగిపోండి, మీకు డీకోడర్ కావాలి. 12 వోల్ట్ల వైరుని పొరపాటున కీ 1కి కలిపితే స్టీరియోలో ఆ ఇన్‌పుట్ కాలిపోవచ్చు. వోల్టేజ్ ముందు, రెసిస్టెన్స్ తర్వాత అనే వరుస ఇందుకే.

స్టెప్ 3: రెసిస్టెన్స్ కొలిచి బటన్ వైరు పట్టుకోండి

కీ తీసేయండి. మీటర్‌ని ఓమ్స్‌లో 20 కె రేంజ్‌లో పెట్టండి. ముందు స్పీకర్ వైర్లను పక్కన పెట్టాలి. అవి జతలుగా ఉంటాయి, జత మధ్య 4 ఓమ్స్ చుట్టుపక్కల చూపిస్తాయి (దీనికి మీటర్‌ని 200 ఓమ్స్ రేంజ్‌కి మార్చండి). నాలుగు స్పీకర్లుంటే ఎనిమిది వైర్లు ఒక్క దెబ్బతో తేలిపోతాయి.

ఇక మిగిలిన కొద్ది వైర్లే మన అనుమానితులు. ఒక ప్రోబ్ ఎర్త్‌కి, ఇంకోటి అనుమానిత పిన్‌కి పెట్టి, పక్కవాళ్లని వాల్యూమ్ ప్లస్ నొక్కమనండి. రీడింగ్ మారితే అదే మీ వైరు. మారకపోతే తర్వాతి పిన్. బాడీ ఎర్త్‌తో ఏ పిన్ కూడా మారకపోతే, అనుమానిత పిన్లను రెండేసి జతలుగా చూడండి. కొన్ని కార్లలో స్టీరింగ్ బటన్లకు సొంత ఎర్త్ వైరు ఉంటుంది, అది బాడీకి కలిసి ఉండదు.

బటన్ నొక్కనప్పుడు మీటర్ ఎడమవైపు 1 చూపిస్తే సర్క్యూట్ ఓపెన్ అని అర్థం. కొన్ని కార్లలో నొక్కకపోయినా ఏదో ఒక అంకె వస్తుంది. రెండూ మామూలే. నొక్కినప్పుడు మారుతోందా లేదా అన్నదే ముఖ్యం.

ప్రతి బటన్ రీడింగ్ కాగితం మీద రాసుకోండి. ఫోన్ ఎత్తే, పెట్టేసే బటన్లు చాలాసార్లు రెండో సిగ్నల్ వైరు మీద ఉంటాయి. ఆ రెండో వైరులో కూడా అవే ఓమ్స్ విలువలు రావొచ్చు. అందుకే రెండు సిగ్నల్ వైర్లని కలిపి ఒకే కీ 1కి ఇవ్వకూడదు. ఇస్తే వాల్యూమ్ పెంచబోతే ఫోన్ కట్ అవుతుంది.

స్టెప్ 4: క్లాక్ స్ప్రింగ్ టెస్ట్

ఈ టెస్ట్‌కి ఒక్క నిమిషం చాలు. బాగా తెలిసిన మెకానిక్‌లు కూడా చాలామంది చేయరు. కీని ఏసీసీలో పెట్టి స్టీరింగ్ లాక్ వదిలించండి. వాల్యూమ్ ప్లస్ నొక్కి పట్టుకుని, స్టీరింగ్‌ని మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకి తిప్పమనండి. మీటర్‌లో అంకె దాదాపు కదలకూడదు.

మధ్యలో ఎక్కడైనా రీడింగ్ ఎగిరిపడినా, 1 చూపించినా క్లాక్ స్ప్రింగ్ రిబ్బన్ పాడవుతున్నట్టు అనుమానించాలి. బటన్ వైరు పాడైతే పాటలే ఆగుతాయి. కానీ పక్కనే అదే రిబ్బన్‌లో ఎయిర్‌బ్యాగ్ వైరు ఉందని గుర్తుంచుకోండి. స్టీరియో పని ఆపి, సర్వీస్ సెంటర్‌లో చూపించండి. ఆ పార్ట్‌ని ఆటోనగర్‌లో పాత కారు నుంచి తీసింది వేయించుకోవడం కంటే కొత్తది వేయించుకోవడం మంచిది. ఎందుకంటే పాతది ఎన్ని తిప్పులు తిరిగిందో ఎవరికీ తెలీదు.

స్టెప్ 5: కలపడం

మళ్లీ బ్యాటరీ మైనస్ తీయండి. మొదటి సిగ్నల్ వైరు కీ 1కి, రెండోది ఉంటే కీ 2కి. స్టీరింగ్ ఎర్త్ వైరు విడిగా ఉంటే స్టీరియో నలుపు వైరు దగ్గర కలపండి.

వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం మన దగ్గర మామూలే. కానీ మే నెలలో ఎండలో పార్క్ చేసిన కారు డాష్‌బోర్డ్ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయండి. సోల్డరింగ్ రాకపోతే మంచి క్రింప్ కనెక్టర్ వాడండి. కారు ఒరిజినల్ కప్లర్‌ని మాత్రం కట్ చేయకండి. రేపు కారు అమ్మాలంటే పాత స్టీరియో పెట్టుకోవడానికి అది కావాలి.

స్టెప్ 6: స్టీరియోకి బటన్లు నేర్పించడం

బ్యాటరీ కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయండి. కారు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి ఉండాలి. స్టీరియో సెట్టింగ్స్‌లో స్టీరింగ్ వీల్ లేదా వీల్ లెర్నింగ్ లాంటి ఆప్షన్ ఉంటుంది. ముందు పాత డేటా క్లియర్ చేయండి. తర్వాత కారు బటన్ నొక్కి పట్టుకుని, స్క్రీన్ మీద ఆ పని ఐకాన్ టచ్ చేయండి. అన్నీ అయ్యాక సేవ్ నొక్కడం మర్చిపోవద్దు.

అయిపోయిందని అప్పుడే డాష్‌బోర్డ్ బిగించేయకండి. హెడ్‌లైట్లు వేసి ఒకసారి, ఏసీ ఫుల్‌లో పెట్టి ఒకసారి, పాట సౌండ్ పెంచి ఒకసారి అన్ని బటన్లూ చెక్ చేయండి. చివరగా కీ తీసి, కొంతసేపాగి మళ్లీ ఆన్ చేసి చూడండి.

బ్రాండెడ్ స్టీరియో అయితే?

పయనీర్, సోనీ, జేవీసీ, కెన్‌వుడ్ లాంటి స్టీరియోల్లో చాలా మోడళ్లకు కీ 1, కీ 2 ఉండవు. పయనీర్ వెనక 3.5 ఎంఎం జాక్ ఉంటుంది. అది తన సొంత విలువలనే గుర్తిస్తుంది. ఉదాహరణకి వాల్యూమ్ ప్లస్‌కి సుమారు 16 కిలో ఓమ్స్, మైనస్‌కి సుమారు 24 కిలో ఓమ్స్. మీ స్టీరింగ్ 330 ఓమ్స్ పంపితే దానికి అర్థం కాదు. జేవీసీ, కెన్‌వుడ్‌లలో లేత నీలం-పసుపు రిమోట్ వైరు ఉంటుంది, దానికి డిజిటల్ సిగ్నల్ కావాలి.

వీటి మధ్య దుబాసీ లాంటి అడాప్టర్ ఒకటి పెట్టాలి. యాక్సెస్ ఏఎస్‌డబ్ల్యూసీ-1, పాక్ ఎస్‌డబ్ల్యూఐ-ఆర్‌సీ లాంటివి ఈ పని చేస్తాయి. ఒక వైపు కారు విలువలు చదివి, ఇంకోవైపు స్టీరియోకి కావాల్సిన సిగ్నల్ ఇస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో అడాప్టర్ ప్యాటర్న్ అంటామే, అదే ఇది. కొనే ముందు మీ స్టీరియో మోడల్ నంబర్ ఆ లిస్టులో ఉందో లేదో చూసుకోండి.

ఆర్డుయినోతో సొంతంగా అడాప్టర్ చేయాలనుకునేవాళ్లకి ఒక టిప్. బటన్ల మధ్య హద్దుని సరిగ్గా సగంలో పెట్టండి. పైన చెప్పిన నమూనా సర్క్యూట్‌కి అయితే హద్దులు 0.56, 1.08, 1.66, 2.26, 2.92 వోల్ట్లు. ఒక్క రీడింగ్‌తో నిర్ణయం తీసుకోకుండా, వరసగా ఐదు రీడింగ్‌లు ఒకే రేంజ్‌లో వస్తేనే బటన్ నొక్కినట్టు లెక్క వేయండి. లేకపోతే 3.3 నుంచి 0.30కి దిగే దారిలో మధ్య బటన్లు కూడా నొక్కినట్టే వస్తాయి.

కలిపాక వచ్చే సమస్యలు

పగలు పనిచేసి రాత్రి పనిచేయడం లేదు: హెడ్‌లైట్ వేస్తే బటన్ల వెనక లైట్ కూడా వెలుగుతుంది. రెండింటికీ ఎర్త్ ఒకటే అయితే, ఆ ఎర్త్ సరిగా లేకపోతే వోల్టేజ్ లెవెల్ జరుగుతుంది. ముందు ఎర్త్ బాగుచేయండి, తర్వాత లైట్లు వేసి మళ్లీ లెర్నింగ్ చేయండి.

సౌండ్ పెంచితే బటన్లు పిచ్చిగా పనిచేస్తున్నాయి: స్టీరియో ఎర్త్ వైరు సన్నగానో లూజ్‌గానో ఉంది. ఆ వైరులో 0.05 ఓమ్ రెసిస్టెన్స్ ఉండి 2 ఆంపియర్లు వెళ్తే 0.1 వోల్ట్ తేడా వస్తుంది. అర వోల్ట్ గ్యాప్ ఉన్న సెటప్‌లో ఇది లెక్కలోకి రాదు. 0.07 గ్యాప్ ఉన్న చోట బటన్ మారిపోవడానికి ఇది చాలు. మందమైన ఎర్త్ వైరు వేయండి.

రెండు బటన్లు ఒకే పని చేస్తున్నాయి: పుల్-అప్ సరిపోలేదు. కొన్ని ఆండ్రాయిడ్ స్టీరియోల ఫ్యాక్టరీ సెట్టింగ్స్‌లో స్టీరింగ్ రెసిస్టెన్స్ మార్చే ఆప్షన్ ఉంటుంది. మీ బటన్ విలువలు వందల్లో ఉంటే తక్కువది, వేలల్లో ఉంటే ఎక్కువది ఎంచుకుని మళ్లీ లెర్నింగ్ చేయండి. ఆ ఆప్షన్ లేకపోతే అడాప్టరే మార్గం. 12 వోల్ట్ల లైన్ నుంచి రెసిస్టర్ పెట్టి సరిచేసే ప్రయోగాలు మాత్రం వద్దు.

కీ తీస్తే నేర్పిందంతా పోతోంది: బ్యాటరీ వైరుని, ఏసీసీ వైరుని కలిపేశారేమో చూడండి. పసుపు వైరుకి ఎప్పుడూ 12 వోల్ట్లు అందాలి.

ఎండాకాలం వల్ల బటన్లు తేడా చేస్తున్నాయి అంటారు, నిజమేనా: మామూలు రెసిస్టర్ విలువ 30 డిగ్రీలు పెరిగినా ఒక శాతం కూడా మారదు అనుకోవచ్చు. వేడికి పాడయ్యేది రెసిస్టర్ కాదు, జాయింట్. టేపు చుట్టిన చోట వెతకండి.

షాపులో చేయిస్తుంటే ఏం అడగాలి?

అందరూ ఇదంతా ఇంట్లో చేయక్కర్లేదు. షాపులోనే చేయించినా మూడు ప్రశ్నలు అడగండి. నా కారు రెసిస్టర్ టైపా, క్యాన్ బసా? కీ 1, కీ 2 వైర్లు కలిపారా? ఒరిజినల్ కప్లర్ కట్ చేయకుండా చేస్తారా? ఈ మూడింటికీ మీటర్ పెట్టి సమాధానం చెప్పేవాళ్ల దగ్గర పని చేయించుకోండి. "స్టీరింగ్ విప్పి చూస్తాం" అని ఎవరైనా అంటే మాత్రం కారు స్టార్ట్ చేసి వచ్చేయండి.

డబ్బులు కట్టే ముందు కీ ఆన్ చేసి ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఆరుతోందో లేదో, హారన్ మోగుతోందో లేదో చూడండి. పాటల సంగతి ఆ తర్వాత.